కూలి బిడ్డ డిగ్రీ చదువు: చూడవలసింది ఫీజు లెక్క ఒక్కటే కాదు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చింది మొదలు నాట్లు పడేదాకా ప్రతి ఏడూ కూలీల వాడల్లో ఒకటే చర్చ. పాసైన పిల్లవాడినో, పిల్లనో పట్నంలో రెగ్యులర్ కాలేజీలో చేర్పించాలా? లేక ఇంటిపట్టునే వుంచి, పనికి పంపుతూ, ఓపెన్ డిగ్రీ కట్టించాలా? "రెండూ డిగ్రీలేగదా, తక్కువలో అయ్యేది చూసుకుంటే పోలా" అని ఒకరంటారు. "ఓపెన్‌లో చదివితే వుద్యోగం ఎవడిస్తాడు" అని మరొకరంటారు. అప్పుచేసైనా పెద్ద కాలేజీలో వేద్దామని తల్లి అంటుంది. ఆ అప్పు తీర్చేదెవరని తండ్రి అడుగుతాడు. చివరకు ఇంట్లో ఎవరి మాట చెల్లితే ఆ దారి.

ఇది ఇంటి విషయం, ఇందులో సంఘానికి పనేమిటని కొందరు కార్యకర్తలు అనుకోవచ్చు. అది సరికాదు. కూలిరేటు ఎంత సంఘం విషయమో, కూలివాడి బిడ్డ ఏ చదువు చదువుతాడన్నదీ అంతే సంఘం విషయం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయ కూలీలు 14 కోట్ల 43 లక్షల మంది. ఇన్ని కోట్ల మంది బిడ్డలు ఏ తలుపుగుండా డిగ్రీ చదువులోకి పోవాలో నిర్ణయిస్తున్నది వాళ్ల తెలివితేటలు కాదు. జూన్ నెలలో ఆ ఇంట్లో చేతిలో ఎంత వున్నదనేదే. అందుచేత ఈ రెండు దారులనూ, వాటి అసలు ఖర్చునూ, వాటి వెనక ప్రభుత్వ విధానాన్నీ వివరంగా చూడాలి.

ఓపెన్ డిగ్రీ ఎవరికోసం పుట్టింది?

పోస్టులో పాఠాలు పంపి పరీక్ష పెట్టే పద్ధతిని మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1977లో ఉస్మానియా కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించాయి. అయితే ఇవన్నీ పాత విశ్వవిద్యాలయాల పంచన చేరిన చిన్న విభాగాలు. పూర్తిగా ఈ పనికే ఒక విశ్వవిద్యాలయం వుండాలన్న ఆలోచన ఇంగ్లండులో 1969లో, లేబర్ ప్రభుత్వ కాలంలో అమలయింది. ఫ్యాక్టరీలో, గనిలో, ఆఫీసులో పనిచేసే మనిషి పని మానకుండా చదువుకునే వీలు కల్పించడం దాని వుద్దేశం.

మన దేశంలో ఆ పని మొట్టమొదట చేసింది తెలుగు నేలే. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆచార్య జి. రామిరెడ్డి దాని మొదటి వైస్ ఛాన్సలర్. 1985లో కేంద్ర ప్రభుత్వం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో స్థాపించినప్పుడు దానికీ ఆయన్నే మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకున్నారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

దాని మొదటి రోజుల పద్ధతి గమనించండి. బడి ముఖం చూడనివాడైనా అర్హత పరీక్ష రాసి పాసైతే డిగ్రీలో చేరవచ్చు. పాఠ్య పుస్తకాలు తెలుగులో, తేలిక మాటల్లో, పేరున్న ఆచార్యులచేత రాయించారు. ప్రభుత్వ కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టి సెలవు రోజుల్లో తరగతులు నడిపారు. ఈనాటికీ గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఆ పుస్తకాలు వెతికి తెచ్చుకుని చదువుతారు. కాబట్టి ఓపెన్ డిగ్రీ అంటే ఏదో రెండో రకం సరుకు అని చులకన చేయడం తప్పు. ప్రజల సొమ్ముతో, పనిచేసే ప్రజలకోసం కట్టిన విశ్వవిద్యాలయం అది. చదువు ఆగిపోయిన గుమాస్తాకు, ఆర్టీసీ కండక్టరుకు, పెళ్లయి పిల్లల్ని ఎత్తుకున్న ఆడబిడ్డకు, పాలేరుతనం చేసి పాతికేళ్లకు అక్షరం దిద్దినవాడికి అది తలుపు తెరిచింది. దీన్ని కాపాడుకోవాలి.

అయితే అది కాలేజీకి పోలేని మనిషికోసం పెట్టిన తలుపు. కాలేజీకి పోగలిగిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని "నీకు అటుపోయే స్తోమత లేదు, ఇటు రా" అని మళ్లించడానికి పెట్టిన తలుపు కాదు. ఈ తేడా చెరిగిపోతున్నది. కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారమే 2020-21లో దేశంలో ఉన్నత విద్యలో వున్నవారు 4 కోట్ల 13 లక్షలు దాటితే, అందులో 45 లక్షల పైచిలుకు దూరవిద్యలో వున్నారు. ప్రతి తొమ్మిదిమందిలో ఒకరు! వీరిలో తమకు తాముగా ఈ దారి ఎంచుకున్నవారెందరు, వేరే దారి లేక వచ్చినవారెందరు?

అంబేద్కర్ పేరు మీద నడిచే విశ్వవిద్యాలయం గురించి మాట్లాడేటప్పుడు అంబేద్కర్ ఎలా చదివాడో గుర్తుచేసుకోవాలి. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్లు విద్యార్థి వేతనంగా ఇస్తేనే ఆయన అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లగలిగాడు. ఆ వేతనం గడువు ముగియగానే 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి తిరిగిరావలసి వచ్చింది. మళ్లీ 1920లోగాని వెళ్లలేకపోయాడు. అంతటి మేధావికైనా చదువు సాగిందీ ఆగిందీ తిండీ బసా ఖర్చు దగ్గరే. ఆ తర్వాత 1946లో ఆయన స్థాపించిన సంస్థ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, వుద్యోగాలు చేసుకునే పేద పిల్లలకోసం ఉదయం పూట తరగతులు పెట్టారు. అంటే, పనిచేసే పిల్లవాడికి వేళ మార్చారేగాని మాస్టారిని, గ్రంథాలయాన్ని, తరగతి గదిని తీసెయ్యలేదు. మన చర్చకంతటికీ మూలసూత్రం ఇందులో వున్నది.

అసలు ఖర్చు ఎక్కడ?

ఇక లెక్కలోకి వద్దాం. డిగ్రీ ఖర్చు అనగానే మనవాళ్లు ఫీజు ఎంత అని అడుగుతారు. నిజానికి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బి.ఏ., బి.కాం. ఫీజు పెద్ద మొత్తం కాదు. ఓపెన్ డిగ్రీ ఫీజు కూడా ఏడాదికి కొద్ది వేలే. ఈ రెండింటి మధ్య తేడా ఫీజులో లేదు. పోయే కూలిలో వున్నది, పట్నంలో తిండి, బస ఖర్చులో వున్నది.

2025-26 సంవత్సరానికి ఉపాధి హామీ కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు రూ. 307గా నిర్ణయించారు. ఇంట్లో వుండి ఓపెన్ డిగ్రీ చదివే పిల్లవాడు ఏడాదికి వంద రోజులు ఆ రేటున పనిచేశాడనుకుందాం. రూ. 30,700 ఇంటికి వస్తుంది. రెగ్యులర్ కాలేజీలో చేరితే ఈ డబ్బు పోతుంది. మూడేళ్లకు రూ. 92,100. కూలి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. "చదువుకు పంపితే నష్టం" అని తండ్రి అన్నాడంటే, అది మొరటుతనం కాదు, లెక్క తెలిసి అన్నమాట.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పిల్లవాడికి ప్రభుత్వ సంక్షేమ హాస్టలులో సీటు దొరికిందనుకుందాం. తెలంగాణలో 2024 నవంబరులో కాలేజీ హాస్టళ్ల మెస్ చార్జీలు నెలకు రూ. 1,500 నుండి రూ. 2,100కు పెంచారు. పది నెలలకు రూ. 21,000 అవుతుంది. ఇంట్లో వుంటే ఆ తిండి ఖర్చు ఇంటిమీదే గదా! ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020 నుండి 2024 వరకు నడిచిన వసతి దీవెన పథకం కింద డిగ్రీ విద్యార్థి తిండి, బసకు ఏడాదికి రూ. 20,000 అని లెక్కగట్టారు. అంటే రెండు ప్రభుత్వాల అంచనా దాదాపు ఒకటే.

పోయే కూలి రూ. 30,700. హాస్టలు భరించే తిండి రూ. 21,000. తేడా ఏడాదికి రూ. 9,700. ఓపెన్ డిగ్రీ "చౌక" అన్నమాటకు అసలు విలువ ఇదీ: నెలకు ఎనిమిది వందల పైచిలుకు. హాస్టలు వుంటే ఆ మాత్రం తేడాకు మూడేళ్ల కాలేజీ చదువు వదులుకోవలసిన పని లేదు. హాస్టలు లేకపోతే? అప్పుడు గది అద్దె, మెస్ బిల్లు, దారిఖర్చు, పోయిన కూలి అన్నీ కలిసి కుటుంబాన్ని అప్పులోకి లాగుతాయి. అప్పుడు ఓపెన్ డిగ్రీ తప్ప గతిలేదు.

కనుక కూలి బిడ్డకు కాలేజీ సీటుకంటే ముందు హాస్టలు సీటు కావాలి. దరఖాస్తు ఫారం నింపేనాడే "హాస్టలు సంగతేమిటి" అని అడగాలి. రోజూ బస్సులో పోయిరాగల దూరమైతే ఆడపిల్లల విషయంలో మరో వెసులుబాటు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టిక్కెట్టు లేదు. మండల కేంద్రంలో డిగ్రీ కాలేజీ వుండి, ఊరికి వేళకు బస్సు వస్తే ఆడపిల్ల ఇంటినుంచే రెగ్యులర్ డిగ్రీ చదువుకోవచ్చు. బస్సు రాని ఊళ్లో ఉచిత టిక్కెట్టు ఏం చేసుకోను? ఉదయం ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు వేయించడం ఆ ఊరి సంఘం చేయగలిగిన పని.

ఫీజు రీయింబర్స్‌మెంటు: తలకిందుల లెక్క

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి వున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2008-09 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్ద ఎత్తున మొదలయింది. ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ, ఇతర పేద విద్యార్థుల ఫీజు ప్రభుత్వం కడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది విద్యా దీవెన పేరుతో తల్లుల ఖాతాల్లో పడింది. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీలకే చెల్లిస్తామన్నారు. పేర్లు మారాయి, ఖాతాలు మారాయి. ఒకటి మాత్రం గమనించండి. విద్యా దీవెన నిబంధనల ప్రకారం దూరవిద్యలో చదివేవారికి ఆ డబ్బు లేదు.

దీని అర్థమేమిటి? ఖరీదైన చదువు అనుకునే రెగ్యులర్ డిగ్రీకి ఫీజు ప్రభుత్వం ఇస్తుంది. చౌక చదువు అనుకునే ఓపెన్ డిగ్రీకి కూలివాడు తన జేబులోంచి కట్టుకోవాలి. పొలంలో పనిచేస్తూ చదివేవాడికి ప్రభుత్వ సాయం లేదు. కాలేజీకి పోయేవాడికైతే 75 శాతం హాజరు వుంటేనే స్కాలర్‌షిప్పు. నాట్లకాలంలో పది రోజులు, కోతలకాలంలో పది రోజులు ఇంటికి వచ్చి నాలుగు రూకలు సంపాదించుకునే పిల్లవాడు ఈ రెండింటి మధ్య నలిగిపోతాడు.

ఇస్తామన్న డబ్బయినా వేళకు వస్తున్నదా? తెలంగాణలో 2024లోనూ, 2025లోనూ బకాయిలు చెల్లించడం లేదని ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు కాలేజీలు మూసి బంద్‌లు చేశాయి. యాజమాన్యాలకూ సర్కారుకూ మధ్య తగవు, నలిగింది విద్యార్థి. బకాయి రాలేదని సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని, "ముందు డబ్బు కట్టు, గవర్నమెంటు ఇచ్చినప్పుడు తీసుకుందువుగాని" అని తల్లిదండ్రులను తిప్పుకునే యాజమాన్యాలు ఎన్ని లేవు! వుద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చినా చేతిలో సర్టిఫికెట్టు వుండదు. వడ్డీకి తెచ్చి విడిపించుకున్న కుటుంబాలు మన మధ్యనే వున్నాయి. అందుచేత రీయింబర్స్‌మెంటు వస్తుందిగదా అని ప్రైవేటు కాలేజీలో చేర్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ప్రభుత్వ కాలేజీలో ఈ బెడద చాలా తక్కువ.

కాలేజీ ఇచ్చేదేమిటి?

డిగ్రీ కాగితం రెండు దారుల్లోనూ వస్తుంది. మరి మూడేళ్లు కాలేజీలో కూర్చుని సాధించేదేమిటి?

ఒకటి, సమయం. పొద్దుటినుంచి సాయంత్రందాకా వంగి కలుపుతీసి వచ్చిన మనిషి రాత్రి దీపం పెట్టుకుని ఆర్థికశాస్త్రం చదవాలంటే కళ్లు మూతలు పడతాయి. దూరవిద్యలో చేరినవారిలో చాలామంది మధ్యలో వదిలేయడానికి కారణం బద్ధకం కాదు, ఒంటి అలసట. రెండు, మాస్టారు. అర్థంకాని చోట లేచి అడగగలగడం సామాన్యం కాదు; చదువుకున్నవారి ఇంట్లో ఆ పని తండ్రి చేస్తాడు, అన్న చేస్తాడు. మన ఇంట్లో ఎవరు చేస్తారు? పుస్తకం ఒంటరిగా చదివి నెగ్గుకు రావడం, ఇంట్లో చదువు వున్నవాడికే సులభం. ఓపెన్ డిగ్రీ ఎవరికైతే చౌకగా కనిపిస్తున్నదో వారికే అది ఎక్కువ కష్టం. మూడు, తోటివారు. పది ఊళ్ల పిల్లలు, పది కులాల పిల్లలు ఒకచోట చేరి మాట్లాడుకోవడం, పోట్లాడుకోవడం, సంఘాలు పెట్టుకోవడం, ఏ వుద్యోగానికి ఎప్పుడు నోటిఫికేషన్ పడిందో ఒకరికొకరు చెప్పుకోవడం. ఊళ్లో తలవంచుకుని నడిచిన పిల్లవాడు హాస్టలులో తలెత్తి మాట్లాడటం నేర్చుకుంటాడు. దీనికి ఫీజు రసీదు వుండదు.

ఇదంతా చెప్పి రెగ్యులర్ కాలేజీలన్నీ గొప్పగా వున్నాయని అనుకుంటే పొరపాటు. విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి అధ్యాపకుల నియామకాలు లేవు. కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లతో బండి లాగుతున్నారు. చెప్పే మనిషి లేని తరగతి గది, పేరుకు రెగ్యులరేగాని, దూరవిద్యకంటే దూరం. భాష సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుండి డిగ్రీ తరగతులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే అని నిర్ణయించారు. ఊరి బడిలో తెలుగులో చదివి వచ్చిన పిల్ల మొదటి ఏడాదే బెదిరిపోతుంది. అదే ఓపెన్ డిగ్రీ తెలుగులో రాయవచ్చు. పేదలకు ఇంగ్లీషు వద్దని ఎవరూ అనడం లేదు. నేర్పే మాస్టారిని ఇవ్వకుండా భాష మాత్రం మార్చితే ఆ పిల్లను బయటికి నెట్టినట్లే.

కాగితం చెల్లుతుందా?

"ఓపెన్ డిగ్రీ చెల్లదు" అన్న ప్రచారం వూళ్లలో ఎక్కువ. ఇది నిజం కాదు. అనుమతి వున్న విశ్వవిద్యాలయం, అనుమతి వున్న కోర్సు అయితే దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. డిగ్రీ అర్హతగా వున్న సర్కారు వుద్యోగాల పరీక్షలు రాయవచ్చు, పి.జి. చదవవచ్చు.

కాని కొన్ని హద్దులున్నాయి. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, లా, వ్యవసాయం వంటి చదువులు దూరవిద్యలో ఇవ్వడానికి వీల్లేదు. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవారికి లా కాలేజీలో సీటు ఇవ్వరని బార్ కౌన్సిల్ నిబంధన 2008 నుండి వున్నది. ఇంటర్ ఆగిపోయినవారు ముందు ఓపెన్ స్కూలులో ఇంటర్ పూర్తిచేసి తర్వాత డిగ్రీకి పోవడం మంచిది.

అసలు ప్రమాదం అనుమతి లేని కోర్సులతో. 2001 తర్వాత కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగు డిగ్రీలు అమ్ముకున్నాయి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఆ డిగ్రీలమీద వేటు వేసింది. యాజమాన్యాలు అప్పటికే డబ్బు చేసుకున్నాయి. ఏళ్లతరబడి ఆ కాగితం నమ్ముకుని వుద్యోగం చేస్తున్నవారు రోడ్డున పడ్డారు. ఈనాటికీ జిల్లా కేంద్రాల్లో, బస్టాండు వీధుల్లో "ఆరు నెలల్లో డిగ్రీ, పరీక్ష మేం చూసుకుంటాం" అనే బోర్డులున్నాయి. ఎక్కడో దూర రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరు చెబుతారు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం మరో రాష్ట్రంలో దూరవిద్యా కేంద్రం నడపరాదు. ఈ ఒక్క నిబంధన తెలిసినా సగం మోసాలు ఆగిపోతాయి.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ వారు ఈ విషయం మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కేంద్రం హైదరాబాదులో వున్నది గనుక, తమ ఊరికి దగ్గరి కేంద్రానికి ఆ సంవత్సరం అనుమతి వున్నదా లేదా అడిగి తెలుసుకోవాలి. లేకపోతే ఆంధ్ర, నాగార్జున విశ్వవిద్యాలయాల దూరవిద్య, లేదా దేశమంతటా నడిచే ఇగ్నో చూసుకోవాలి. అనుమతి వున్న కోర్సుల జాబితా ప్రతి ఏడూ యూజీసీ దూరవిద్యా విభాగం ప్రకటిస్తుంది. 2024 నుండి చేరే విద్యార్థి ముందుగా అక్కడ డెబ్ ఐడి అనే నంబరు తీసుకోవాలి. ఆ నంబరు అవసరం లేదు అని ఎవరైనా చెబితే, అక్కడ డబ్బు కట్టవద్దు.

ఎవరికి ఏ దారి?

ఇంతవరకు చూసినదాన్నిబట్టి ఒక నిర్ణయానికి రావచ్చు.

పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు, ఇంటర్ అప్పుడే పాసైనవారు, ప్రభుత్వ కాలేజీలో సీటూ, హాస్టలూ దొరికితే రెగ్యులర్ డిగ్రీకే పోవాలి. పైన చెప్పిన రూ. 9,700 తేడాకోసం ఆపవద్దు. తెలంగాణలో ఆడపిల్లలకు 2016 నుండి సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలున్నాయి. చదువూ, తిండీ, బసా ఒకేచోట. ముందు వాటికి దరఖాస్తు పెట్టాలి.

వ్యవసాయ డిగ్రీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ సీట్లలో రైతుల పిల్లలకు కోటా వుండేది. కాని దానికి కనీసం ఎకరం భూమి చూపించాలి. నేల దున్నేదీ, నాటేదీ, కోసేదీ కూలివాళ్లు. వ్యవసాయ చదువులో కోటా మాత్రం పట్టా వున్నవాళ్లకు! 2025లో తెలంగాణలోని ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వ్యవసాయ కూలీల పిల్లలకు 15 శాతం సీట్లు ప్రత్యేకించింది. ఇది మంచి అడుగు. ఈ కబురు ఎన్ని వాడలకు చేరింది? సైన్సు గ్రూపుతో ఇంటర్ చదివిన ప్రతి కూలి బిడ్డకూ చెప్పవలసింది మనమే.

ఇంటి బరువు మోయక తప్పనివారు, తండ్రి మంచాన పడినవారు, పెళ్లయిన ఆడవాళ్లు, వయసు దాటినవారు, ఇప్పటికే చిన్న వుద్యోగంలో వున్నవారు ఓపెన్ డిగ్రీ కట్టాలి. ఇందులో నామోషీ ఏమీలేదు. అయితే ఫీజు కట్టి పుస్తకాలు అటకమీద పడేస్తే లాభంలేదు. సెలవు రోజు తరగతులకు తప్పక పోవాలి. ఊళ్లో ముగ్గురు నలుగురు కలిసి కడితే ఒకరికొకరు తోడుంటారు. సంఘం ఆఫీసులో, లేదా బడి గదిలో రాత్రిపూట రెండు గంటలు కూర్చుని చదువుకునే ఏర్పాటు చేయడం కష్టం కాదు.

హాస్టలు లేదు, పైసలు లేవు, పిల్లవాడు మాత్రం చురుకైనవాడు. అలాంటప్పుడు ఏం చేయాలి? ఒంటరిగా ఆ తండ్రి చేయగలిగింది లేదు. అక్కడే సంఘం పని మొదలవుతుంది.

ప్రభుత్వ విధానం, మన కర్తవ్యం

జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చుపెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 నూతన విద్యా విధానమూ అదే 6 శాతం అని రాసుకున్నది. ఈ మధ్యకాలంలో ఏ ప్రభుత్వమూ ఆ గీత దాటలేదు. హాస్టలు కట్టాలంటే డబ్బు కావాలి, అధ్యాపకుణ్ణి నియమించాలంటే డబ్బు కావాలి. దూరవిద్యలో, ఆన్‌లైన్ చదువులో ఒక్కసారి పాఠం తయారుచేస్తే లక్షమందికి పంపవచ్చు. పాలకులకు అది మోజుగా వుండటంలో ఆశ్చర్యమేమున్నది? 2035 నాటికి ఆ వయసువారిలో 50 శాతాన్ని ఉన్నత విద్యలోకి తెస్తామని కొత్త విధానం చెబుతున్నది. వారిలో ఎవరు తరగతి గదిలో కూర్చుంటారు, ఎవరు ఫోను ముందు కూర్చుంటారు అన్నదే ప్రశ్న. డబ్బున్నవారి పిల్లలకు ఆవరణలు, ప్రయోగశాలలు, ఆచార్యులు; కూలి బిడ్డకు పుస్తకాల కట్ట, ఫోనులో బొమ్మ. దీనికి "ఎంచుకునే స్వేచ్ఛ" అని పేరు. రెండు దారులూ నిజంగా తెరిచివున్నప్పుడే అది స్వేచ్ఛ. ఒక దారికి హాస్టలు లేక తాళంపడితే, మిగిలినదాన్ని ఎంచుకోవడం స్వేచ్ఛ కాదు.

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా వుండాలి. ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఆడ, మగ పిల్లలకు వేర్వేరు హాస్టళ్లు కావాలి. నెలకు రూ. 2,100 అంటే మూడు పూటలకు కలిపి రోజుకు రూ. 70 మాత్రమే, ధరలనుబట్టి ఏటా ఇది పెరగాలి. రీయింబర్స్‌మెంటు బకాయిలు ఏ ఏడాదివి ఆ ఏడాదే చెల్లించాలి. బకాయి సాకుతో సర్టిఫికెట్లు ఆపేవారిపై చర్య తీసుకోవాలి. ఓపెన్ డిగ్రీ చదివే వ్యవసాయ కార్మికులకు, వారి బిడ్డలకు ఫీజు పూర్తిగా ప్రభుత్వమే భరించాలి. ఖాళీగా వున్న అధ్యాపక పోస్టులు నింపాలి. తెలుగులో చదివి, రాసే అవకాశం వుంచాలి.

కోర్కెలు రాసి వినతిపత్రం ఇచ్చి వూరుకుంటే సరిపోదు. ప్రతి గ్రామ శాఖా ఈ ఏడు తన ఊళ్లో ఇంటర్ పాసైన కూలి బిడ్డల జాబితా తయారుచేయాలి. ఎవరికి ఏ కాలేజీలో సీటు వచ్చింది, హాస్టలు దొరికిందా లేదా రాసుకోవాలి. ఆదాయ, కుల ధృవపత్రాలకోసం తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగే తల్లికి తోడుగా ఒక కార్యకర్త వెళ్లాలి. హాస్టలు దొరకని పిల్లల జాబితా పట్టుకుని జిల్లా సంక్షేమాధికారి దగ్గరకు మంది కలిసి పోవాలి. ఊరికి ఇద్దరు ముగ్గురే కదా అనిపించవచ్చు. మండలం మొత్తం కలిస్తే అది ఒక హాస్టలుకు సరిపడే సంఖ్య అవుతుంది. అడ్మిషన్ల గడువు దాటకముందే ఈ పని పూర్తికావాలి.